వాల్వు తిప్పేటాయనకు ఎరుకేనట

ఈ కథను ఇవాళే చేతిలోకి తీసుకున్నవారి కోసం ముందుగా నాలుగు మాటలు.

రాహేలుది యాకుత్‌పురా. తండ్రి ఇస్సాకు రైల్వేలో ఫిట్టరు. ఆటల మీద పరిశోధన చేయడానికి ఆమె విశ్వవిద్యాలయంలో చేరిందంటే బస్తీ అంతా నవ్వింది. రెండేళ్లు అరుగుల వెంట తిరిగి, పచ్చీసు ఆడేవాళ్లనూ పులిమేక ఆడేవాళ్లనూ చూసి, ఆట నియమం మారితే మనిషి నడత ఎలా మారుతుందో రాసుకుంది. తర్వాత తానే ఒక ఆటను తయారుచేసింది. దాని పేరు ‘ఖబర్’, అంటే కబురు. గుడ్డ మీద గీసిన బస్తీ, ఎనిమిది మంది ఆటగాళ్లు, ఒక్కొక్కరికి ఒక గవ్వ, నలభై ఎనిమిది కార్డులు. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో ఇంటికి నీళ్లు, బియ్యం, కిరసనాయిలు చేర్చుకోవాలి. మధ్యలో చేతికొచ్చే ప్రతి కార్డూ ఒక పుకారు. దాన్ని పక్కవాళ్లకు చెప్పేసి ముందుకు పోవచ్చు. నిజమో కాదో చూసి రావడానికి పోతే మాత్రం ఒక వంతు పోతుంది.

ఆ కార్డుల్లో ఒకటి మొన్న శనివారం బస్తీలో అసలు నల్లా పక్కన గోడకు అంటించి కనిపించింది. ‘నల్లా నీళ్లల్ల మందు కలిసిందట. వాల్వు తిప్పేటాయనకు ఎరుకేనట.’ అక్షరం పొల్లుపోకుండా రాహేలు రాసిన మాటలు. ఆనాటి నుంచి బస్తీ నల్లా నీళ్లు ముట్టలేదు. మంగళవారం సాయంత్రం, నీళ్లు వదిలే మొగులయ్యను ఎవరో గల్లీ మలుపులో పట్టుకుని కొట్టారు.

ఇది బుధవారం. పందొమ్మిది వందల ఎనభై రెండు, మే నెల. పొద్దున తొమ్మిదింటికే ఎండ చురచురలాడుతోంది.

రాహేలు తన గైడు ఆనందరావు గదిలో బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుని కార్డులు లెక్కపెడుతోంది. తన పెట్టెలోంచి ఒకటి ఎక్కడో జారిపోయి ఉంటుందనే రాత్రంతా తనను తాను తిట్టుకుంది. నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టింది. నల్లా కార్డు కూడా అందులోనే ఉంది, ఆడి ఆడి అంచులు మెత్తబడి.

“అన్నీ ఉన్నయి సార్,” అంది.

ఆనందరావు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. ఆయన ముందు ఒక గళ్ల కాగితం ఉంది. దాని మీద అప్పటికే పెన్సిలుతో ఒక గీత పైకి లేచి ఉంది.

“అయితే ఎవరో నకలు చేశారన్నమాట. సరే, శనివారం మొదటి కార్డు ఎన్ని గంటలకు కనిపించింది? నీళ్లు పారబోయడం ఏ గల్లీలో మొదలైంది? అది చెప్పు.”

రాహేలుకు ఒక్క క్షణం ఆయన ఏం అడుగుతున్నాడో అర్థం కాలేదు.

“సార్, మొగులయ్య తలకాయకు పద్నాలుగు కుట్లు పడ్డయి. నిన్నటి సంది తెలివిలేదు ఆయనకు.”

“విన్నాను. చాలా బాధగా ఉంది.” నిజంగానే బాధపడినట్టు తల ఊపాడు. “కానీ ఒకటి ఆలోచించు. ఇన్ని నెలలు మనం ఆటను గుడ్డ మీద ఆడించాం. ఆడేవాళ్లకు అది ఆటని తెలుసు. అందుకే మన ఫలితాలను ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు బస్తీకి బస్తీ ఆడుతోంది, ఆడుతున్నామని తెలియకుండా. మనం కోరి చేయించింది కాదు కదా. జరుగుతోంది. శుక్రవారం దాకా నువ్వు చూసి రాసుకుంటే చాలు.”

“చూసుకుంట కూసోమంటరా?”

“నువ్వు వెళ్లి చెబితే ఏమవుతుంది? ఆ వాక్యం నాదేనంటావు. మొదటి రాయి నీ మీదే పడుతుంది. రెండోది విభాగం మీద. అప్పుడు నీ రిజిస్ట్రేషను నేను నిలబెట్టలేను, రాహేలు. ముందే చెబుతున్నాను.”

ఆ గది ఆమెకు గుడిలాంటిది. అక్కడే మొదటిసారి ఆయన తన నోట్సు చదివి, ‘అరుగు మీద ఆట కూడా ఒక రాజ్యాంగమే’ అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ మాట తండ్రికి పదిసార్లు చెప్పింది. ఇప్పుడు అదే గదిలో అదే మనిషి పెన్సిలు చెక్కుకుంటున్నాడు.

“రెండో మాట నేనెందుకు రాసిన్నో మీకు యాదికున్నదా సార్?” అంది. “మొదలు ‘నీళ్లల్ల మందు కలిసిందట’ అనే రాసిన. ఎవ్వలు పట్టించుకోలే. ఆట సప్పగున్నది, ఒక మనిషిని పెట్టు అన్నరు మీరు. పెట్టిన. గా మనిషే ఇప్పుడు దవాఖానల పండుకున్నడు.”

రాహేలు కార్డులు పెట్టెలో సర్ది, పెట్టె చంకలో పెట్టుకుంది.

“అది విభాగం సొత్తు,” అన్నాడాయన వెనక నుంచి.

ఆమె ఆగలేదు.

*

పన్నెండు కావస్తుండగా యాకుత్‌పురాలో బస్సు దిగింది. నల్లా దగ్గరికి వచ్చి ఆగింది.

నీళ్లు వస్తున్నాయి. మొగులయ్య స్థానంలో వచ్చిన కొత్త మనిషి, పక్కన కానిస్టేబులును పెట్టుకుని వాల్వు తిప్పి వెళ్లిపోయాడు. మే నెల ఎండలో, రెండు రోజులకోసారి వచ్చే నీళ్లు ధారగా పడి, బండ మీది నుంచి రోడ్డు మీదికి పారుతున్నాయి. ఒక్క బిందె కూడా కింద లేదు. నల్లాకు ఈ పక్క గల్లీవాళ్లు ఈ పక్క, ఆ పక్క గల్లీవాళ్లు ఆ పక్క. ఖాళీ బిందెలు నడుమున పెట్టుకుని ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు, నీళ్లను కాదు, ఒకరినొకరు.

ఎన్నడూ లేనిది, ఆ పక్క గల్లీ నుంచి ఖదీజా రాహేలును చూసి పలకరించలేదు. జరీ పని చేసే ఖదీజా ‘ఖబర్’ ఆటను అందరికంటే ఎక్కువసార్లు ఆడిన మనిషి. ఆడిన ప్రతిసారీ ఓడిన మనిషి కూడా. కార్డు చేతికొస్తే చాలు, నిజమో కాదో చూసి రావడానికి పోయేది. వంతు పోగొట్టుకునేది. మూడో నెలలో ఒకనాడు గవ్వ కిందపెట్టి, ‘సచ్ పూఛ్‌నేవాలా హర్ బార్ హార్తా, క్యోం? నిజం అడిగేటోళ్లే ఎప్పుడు ఓడుడేంది? గిది మనుషుల తప్పు కాదు బేటీ, నీ ఆట తప్పు,’ అంది. రాహేలు ఆ రాత్రే నియమం మార్చింది. వేరు వేరు ఇళ్ల మనుషులు ఇద్దరు కలిసి చూసి రావడానికి పోతే ఎవరి వంతూ పోదు. ఆ ఒక్క మార్పుతో ఆట ఆటే వేరైపోయింది. ఆమె పరిశోధనలో గట్టి అధ్యాయం అదే.

రాహేలు నల్లా బండ ఎక్కింది. చెప్పులు తడిశాయి.

“అందరు ఒకపారి ఇటు వినుండ్రి,” అంది. నీళ్ల చప్పుడులో వినబడలేదు. మళ్లీ గట్టిగా అంది. “గోడ మీద అంటిచ్చిన చీటి నేను రాసిందే.”

ఒకేసారి అన్ని గొంతులూ లేచాయి.

“నువ్వా? ఇస్సాకు బిడ్డవు నువ్వా?” చంద్రమ్మ బిందెను కింద పడేసి ముందుకొచ్చింది. ఆమె మనవడు రెండు రోజులుగా వాంతులూ విరేచనాలతో మంచం మీద ఉన్నాడు. “నీళ్లల్ల మందు కలిపినోళ్లు నీకెట్ల ఎరుక?”

“ఎవ్వలు కలపలే చంద్రమ్మత్తా. అది ఆట. మీరు కూడ ఆడిండ్రు గద, మా అరుగు మీద. అండ్ల ఉండె ఆ కార్డు. నేనే వుత్తగ అల్లి రాసిన. గోడకు మాత్రం నేను అంటియ్యలే. ఎవలంటిచ్చిన్రో నాకు తెల్వది. కని మాట మాత్రం నాదే.”

“వుత్తగ అల్లి రాసినవా?”

ఈ గొంతు గుంపు వెనక నుంచి వచ్చింది. మనుషులు వాళ్లంతట వాళ్లే పక్కకు జరిగారు. మొగులయ్య భార్య ఆగమ్మ. దవాఖానకు తీసుకుపోయే సద్ది గిన్నె కొంగుతో పట్టుకుని ఉంది. ఆమె చీర అంచుకు ఎండిన నెత్తురు మరక ఇంకా అలాగే ఉంది.

ఆగమ్మ బండ దాకా వచ్చి తలెత్తి చూసింది. అరవలేదు. అరిచి ఉంటే రాహేలు ఓర్చుకునేదేమో.

“ఆటంటున్నవు. నాకు ఆట సంగతి తెల్వది. ఒకటి చెప్పు బిడ్డా. మా ఆయన పందొమ్మిదేండ్ల సంది ఈ బస్తీకి నీళ్లిడుస్తున్నడు. జరమొచ్చినా పోయి తిప్పొచ్చిండు. నీ ఆటల ఆయన ఎన్నో గవ్వ?”

ఆ ప్రశ్నకు రాహేలు దగ్గర జవాబు ఉంది. వాల్వు తిప్పే మనిషికి ఆటలో గవ్వే లేదు. అతను కార్డు మీది ఒక మాట, అంతే. అందుకే అతని వంతు ఎప్పుడూ రాదు, అతన్ని ఎవరూ అడగరు. ఎనిమిది మంది ఆడే ఆటను గీసిన రోజున ఆ సంగతి ఆమెకు తోచనే లేదు.

“లేడమ్మా,” అంది రాహేలు. “ఆయనకు గవ్వ పెట్టలే నేను. పెట్టకుంట పేరెత్తిన. తప్పు నాదే.”

ఎవరో విసిరిన సత్తు చెంబు రాహేలు భుజానికి తగిలి నీళ్లలో పడింది. ఇంకో చెయ్యి లేచింది. ఆ పక్క గుంపులోంచి ఖదీజా కేక వేసింది.

“రుకో! కొట్టేది తర్వాత. ఈ పిల్ల ఆటల నేను మస్తుసార్లు ఓడిపోయిన. నాకు హక్కున్నది ముందు అడగనీకి.” ఆమె రెండు గుంపుల మధ్య ఉన్న తడి నేల దాటి వచ్చింది. ఈ నాలుగు రోజుల్లో ఆ నేల దాటిన మొదటి మనిషి ఆమే. “చంద్రమ్మా, నీ మనవనికి ఏ రోజు నుంచి బాగలేదు?”

చంద్రమ్మ ముఖం తిప్పుకుంది. “సోమారం సంది.”

“శనివారం నుంచి నల్లా నీళ్లు ముట్టలే గదా మీ ఇంట్ల. మరి ఏం తాగిండు?”

“బాయి నీళ్లు. స్టేషనెనక పాత బాయి. ఇంకేం తాగుతం?”

“మా గల్లీల కూడ నలుగురు పడ్డరు. వాళ్లేం తాగిండ్రో నాకు తెల్వది. నువ్వొస్తవా నాతోని? మీ ఇండ్లు, మా ఇండ్లు, ఒక్కటి ఇడువకుంట అడుగుదం. ఇద్దరం కలిసి పోతే నేను అబద్ధం చెప్పిన్నని మీవాళ్లనరు, నువ్వు చెప్పినవని మావాళ్లనరు.”

చంద్రమ్మ ఆగమ్మ వైపు చూసింది. ఆగమ్మ సద్ది గిన్నెను బండ మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

ఇద్దరూ వెళ్లారు. ముందు ఆ పక్క గల్లీలోకి, తర్వాత ఈ పక్కకు. గంటకు పైగా పట్టింది. అంతసేపూ రాహేలు బండ దిగలేదు. దిగితే పారిపోతుందనుకుంటారని భయం. ఎండకు తల తిరుగుతుంటే ఇస్సాకు డ్యూటీ బట్టల్లోనే వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు. ఎవరు చెప్పారో ఏమో, సంగతంతా ఆయనకు తెలిసినట్టే ఉంది. “దిగు బిడ్డా,” అనలేదు. తన తుండుగుడ్డ తడిపి ఆమె తల మీద వేశాడు.

ఒంటి గంట దాటాక ఖదీజా, చంద్రమ్మ తిరిగొచ్చారు. ఇద్దరికీ రొప్పు.

చెప్పింది చంద్రమ్మే. “రెండు గల్లీలల్ల పదకొండు మంది పండుకున్నరు. పదకొండు మందీ బాయి నీళ్లు తాగినోళ్లే. శనారం ముందల ఒక్కరికి సుత ఏం కాలే.” ఆగి, ఊపిరి పీల్చుకుని, చిన్న గొంతుతో అంది: “మనవణ్ని నేనే చేతుల్తోని బాయి నీళ్లు తాపిన.”

ఖదీజా తన బిందె నల్లా కింద పెట్టింది. దోసెడు నీళ్లు తాగి, ముఖం కడుక్కుంది. తర్వాత చంద్రమ్మ బిందె. తర్వాత ఎవరెవరివో. ధార కింద బిందెల చప్పుడు మొదలయ్యాక గుంపులు గుంపులుగా ఉండలేకపోయాయి. వరస కట్టాల్సి వచ్చింది.

అప్పుడు ఖదీజా కొంగు ముడి విప్పి రాహేలు ముందు పెట్టింది.

కొంగులో కార్డులున్నాయి. ఒకటి కాదు, పందొమ్మిది.

“ఇండ్లల్ల అడుగుతుంటే ఒక్కొక్కరే తెచ్చి ఇచ్చిండ్రు. తలుపు సందులనుంచి ఏసిపోయిండ్రట. నీ ఆటల గీ కార్డు ఒక్కటే గదా ఉండేది?”

అన్నీ కొత్తవి. అంచులు వాడిగా ఉన్నాయి. రాహేలు ఒకటి తీసి ఎండలో పట్టుకుంది. ‘వాల్వు’లో ల కింద చిన్న విరుపు. ఆ విరిగిన అచ్చును ఆమె ఎరుగును. అఫ్జల్‌గంజ్‌లో వహీద్ ప్రెస్సుది. తన నలభై ఎనిమిది కార్డులూ అచ్చయింది అక్కడే.

ఆమె బండ దిగింది. ఆగమ్మ లేచి దారికి అడ్డం నిలబడింది.

“నీళ్లు మంచియే అని తేలింది. మంచిదే. మా ఆయన సంగతేంది? నువ్వు నాతోని దవాఖానకొస్తున్నవు. ఆయన కండ్లు తెరిస్తె గిదే మాట ఆయన ముంగట చెప్పాలె.”

“వస్తనమ్మా. చెప్త. కని తొవ్వల అఫ్జల్‌గంజ్‌ల ఒక్క పది నిమిషాలు ఆగాలె. గీ చీట్లు ఎవలు కొట్టిచ్చిన్రో ఆడ తెలుస్తది.”

“ఆగుదం. నా కండ్ల ముంగట్నుంచి మాత్రం పోనియ్య నిన్ను.”

*

వహీద్ ప్రెస్సు ఒక ఇరుకు మెట్ల దారి చివర ఉంది. ఆగమ్మ మెట్లెక్కలేనంది. నిన్నటి నుంచి ఆమె తిన్నది లేదు. ఫుట్‌పాత్ మీద నీడలో కూర్చుని, “నేనిక్కడనే ఉంట, ఇంకో తొవ్వ లేదు గదా పైకి,” అంది.

లోపల వహీద్ రాహేలును చూసి నవ్వాడు. పందొమ్మిది కార్డులు బల్ల మీద పరిచాక నవ్వు పోయింది.

“నేనే కొట్టిన. అయిదు వందలు, పోయిన గురువారం. మీరే గదా బేటీ పంపిచ్చింది?”

“నేనా?”

వహీద్ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. విభాగం పేరున్న కాగితమే. ‘ఖబర్ ఆటకు అదనపు కార్డులు అవసరం.’ కింద ఆమె పేరు. సంతకం ఆమెది కాదు, ఆమె చేతిని చూసి దిద్దినట్టుంది. ‘రా’ దీర్ఘం మాత్రం వేరే ఎవరిదో.

“సదవకుంట కొట్టిన్నని చెప్ప,” అన్నాడు వహీద్, కుర్చీలోకి కూలబడి. “సదివిన. ఆట కార్డే గదా, మొదలు కొట్టినప్పుడు కూడ గిట్లనే ఉండె గదా అనుకున్న. తెచ్చినాయన ఎవలో నాకు ఎరుకలేదు, కని మంచిగనే మాట్లాడిండు. రెండో కాయితం సోమవారం తెచ్చిండు.”

“రెండోదా?”

“ఇంకో కార్డు. అది కూడ అయిదు వందలు. ఇయ్యాల పొద్దుగాలనే తీస్కపోయిండు. నమూనా ఒకటి మిగిలింది, ఆగుండ్రి.”

మిషను కింది నుంచి తీసి ఇచ్చాడు. సిరా ఇంకా మెరుస్తోంది. రాహేలు చదివింది.

‘వాల్వు తిప్పేటాయన దవాఖానల చచ్చిపోయిండట. ఎవలకు తెల్వకుంట దాచిపెట్టిన్రట.’

ఇది ఆమె రాసిన వాక్యం కాదు. తన పెట్టెలో ఇలాంటి కార్డే లేదు. కానీ రాసినవాడికి తన వాక్యాల నడక బాగా తెలుసు, ఆ ‘అట’తో సహా.

“సోమవారమే తెచ్చిండని పక్కానా వహీద్ భాయ్?”

“ఇగో ఆ రెండో కాయితం. మీద తారీఖున్నది సూడుండ్రి.”

ఉంది. సోమవారం తారీఖే. మొగులయ్య మీద దెబ్బ పడింది మంగళవారం సాయంత్రం. సోమవారం నాడు అతను బస్తీలో తిరుగుతూనే ఉన్నాడు. అతని ఒంటి మీద గీత కూడా లేదు. అతను దవాఖానకు పోతాడని ఈ కాగితం రాసిన మనిషికి ఒక రోజు ముందే తెలుసు.

అయిదు వందల కార్డులు పొద్దున్నే బయటికి పోయాయి. నల్లా దగ్గర వరస కట్టిన ఆడవాళ్లు రాహేలుకు గుర్తొచ్చారు. ఆ కాగితం మడిచి జాకెట్టులో దోపుకుని మెట్లు దిగింది. చివరి మూడు మెట్లు దూకింది.

ఆగమ్మ కూర్చున్న చోటే ఉంది. అయితే ఆమె చుట్టూ ఇప్పుడు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ఎవరూ ఆమె కళ్లలోకి చూడటం లేదు. సద్ది గిన్నె మూత పక్కకు దొర్లిపోయింది.

రాహేలును చూడగానే ఆగమ్మ చెయ్యి చాపింది. చేతిలో ఒక కార్డు.

“ఇప్పుడే ఎవలో ఇచ్చిపోయిండు బిడ్డా. ‘వాల్వు తిప్పేటాయన సంగతి’ అని చెప్పి ముంగటికి ఉరికిండు. వీళ్లనడిగితే ఒక్కలు సదువుతలేరు.” ఆమె కార్డును రాహేలు చేతిలో పెట్టి, వేళ్లను గట్టిగా మూసింది. “నువ్వన్న సదువు. మా ఆయన గురించి ఏం రాసిన్రు?”